నింద ఎవరిది? బాధ్యత ఎవరిది?

ఈ విద్యా సంవత్సరంలో మన కళాశాల చర్చావేదికపై వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఒక వక్తృత్వపు పోటీ జరిపినారు. 2008వ సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం మునిగిపోతున్న బ్యాంకులను ప్రజాధనంతో ఆదుకొనవలసి వచ్చిన దుస్థితికి కారకులెవరు, రిపబ్లికన్ పక్షమా, డెమొక్రాటిక్ పక్షమా అన్నది అంశం. ఇరువైపుల వక్తలూ శ్రద్ధగా సిద్ధమై వచ్చినారు. ఒకరు మాట్లాడినంతసేపు హాలులో ఒక వైపు బల్లలు మ్రోగినవి. రెండవవారు లేచినప్పుడు రెండవ వైపు బల్లలు మ్రోగినవి. న్యాయనిర్ణేతలలో ఒకడనై కూర్చున్న నాకు కూడా ఆ వాగ్ధోరణి ముచ్చట గొలిపినది. చివర ప్రశ్నలకు అవకాశమిచ్చినప్పుడు వెనుక వరుసలో నుండి మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకతె లేచి, “ఆ సొమ్ము ప్రభుత్వానికి తిరిగి వచ్చిందా సార్? ఇళ్లు పోగొట్టుకొన్నవారికి అందులో ఏమైనా దక్కిందా?” అని అడిగినది. వక్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. న్యాయనిర్ణేతలమైన మేము కూడా అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయినాము. బహుమతులు మాత్రం పంచిపెట్టి వచ్చినాము.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడినది. గంటసేపు దోషమెవరిదని వాదించుకొన్న సభలో, సొమ్ము ఏమైనదన్న చిన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం మన విద్యార్థుల లోపం మాత్రమే కాదు. ఆ దేశపు రాజకీయ పక్షాలు తమ ప్రజలకు నేర్పిన పాఠం కూడా అదే. నింద వేరు, బాధ్యత వేరు. నింద ఒక పక్షం మీద పడుతుంది; దానికి తేదీ ఉండదు, సంతకం ఉండదు. బాధ్యత ఒక పని మీద పడుతుంది. ఏ రోజున, ఏ శాసనంపై, ఎవరు చేయి ఎత్తినారో అది చెబుతుంది. మొదటిది పెరిగినకొద్దీ రెండవది మరుగున పడుతుందన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

జరిగినదేమిటి?

ముందుగా విషయాన్ని క్లుప్తంగా జ్ఞాపకం చేసుకొందాము. ఇల్లు కొనదలచినవాడు ఆ ఇంటినే తాకట్టు పెట్టి అప్పు తీసుకొంటాడు. పూర్వం ఆ అప్పు పత్రం బ్యాంకు బీరువాలోనే ఉండేది. అప్పు తీరకపోతే నష్టపోయేది ఆ బ్యాంకే కనుక, ఇచ్చే ముందు అది ఒకటికి పదిసార్లు ఆలోచించేది. తరువాతి కాలంలో వేలకొలది అప్పు పత్రాలను ఒకే మూటగా కట్టి, ఆ మూటను వాటాలు చేసి, దేశదేశాల పెట్టుబడిదారులకు అమ్మే పద్ధతి పెరిగినది. అప్పు ఇచ్చినవాని వద్ద పత్రం నిలువదు. పత్రం కొన్నవానికి అప్పు తీసుకొన్న మనిషి తెలియడు. ఆ మూటల నాణ్యతను పరీక్షించి శ్రేణి నిర్ణయించే సంస్థలకు రుసుము చెల్లించేది ఆ మూటలను అమ్మేవారే. అందుచేత తీర్చే స్తోమత లేనివారి అప్పులతో కట్టిన మూటలలో కూడా అధిక భాగానికి ప్రథమ శ్రేణి ముద్ర పడినది. ఇళ్ల ధరలు పెరుగుతున్నంతకాలం ఎవరికీ ఇబ్బంది తోచలేదు. 2006 తరువాత ధరలు పడిపోవడంతో గుట్టు బయటపడినది.

మన బస్తీలలో అప్పు తీసుకొనేవానికి ఎవరో ఒకరు జమానతు ఉండడం పరిపాటి. ఒకే మనిషి వీధి అంతటికీ జమానతు నిలిచి, ప్రతివారి నుండి రుసుము పుచ్చుకొని, తన పెట్టెలో మాత్రం పైసా దాచుకొనకపోతే ఏమవుతుంది? ఒక ఇంటి అప్పు మునిగినప్పుడు ఎట్లాగో గడుస్తుంది. పది ఇళ్ల అప్పులు ఒకేసారి మునిగినప్పుడు జమానతుదారుతో పాటు ఆయనను నమ్మినవారందరూ మునుగుతారు. అమెరికాలోని ఎ.ఐ.జి. అనే పెద్ద భీమా సంస్థ ఆ తాకట్టు మూటలకు ఇట్టి జమానతే నిలిచినది.

2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ అనే సంస్థ కూలిపోగా, కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు అండతో దానిని మరొక బ్యాంకు కొన్నది. సెప్టెంబరు 7న, గృహ ఋణాలకు పట్టుకొమ్మలైన ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకొన్నది. సెప్టెంబరు 15న, 1850లో స్థాపితమైన లీమన్ బ్రదర్స్ దివాలా తీసినది. దానిని ఎవరూ ఆదుకొనలేదు. మరునాడే ఎ.ఐ.జి.కి ఫెడరల్ రిజర్వు 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వగా, బదులుగా ప్రభుత్వానికి ఆ సంస్థలో 79.9 శాతం వాటా దక్కినది. ఆ సంస్థకు ప్రభుత్వం హామీ ఇచ్చిన మొత్తం తరువాత 18,200 కోట్ల డాలర్ల వరకు పెరిగినది.

ఆ వారాంతంలోనే ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్ మూడు పేజీల ప్రతిపాదన నొకదానిని శాసనసభ ముందుంచినాడు. బ్యాంకుల వద్దనున్న చెడు పత్రాలను కొనడానికి తనకు 70 వేల కోట్ల డాలర్లు కావాలని అందులో కోరినాడు. తన నిర్ణయాలను ఏ న్యాయస్థానమూ విచారించరాదని కూడా అందులో ఉన్నది. పాల్సన్ అంతకు ముందు గోల్డ్‌మన్ శాక్స్ అనే పెట్టుబడి సంస్థకు అధిపతిగా పనిచేసినవాడు. ప్రజలకు కోపం రావడంలో వింత లేదు.

ఓట్ల లెక్క

నవంబరు 4న ఎన్నికలు. సెప్టెంబరు 29న బిల్లు ప్రతినిధుల సభ ముందుకు వచ్చినది. అనుకూలంగా 205, వ్యతిరేకంగా 228 ఓట్లు వచ్చి వీగిపోయినది. డెమొక్రాట్లలో 140 మంది అనుకూలురు, 95 మంది ప్రతికూలురు. రిపబ్లికన్లలో 65 మంది అనుకూలురు, 133 మంది ప్రతికూలురు. అంటే రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జి బుష్ కోరిన బిల్లును ఆయన పక్షమే ఎక్కువగా తిరస్కరించినది; ప్రతిపక్షమే ఎక్కువగా బలపరచినది. తమ నియోజకవర్గాలలో గట్టి పోటీ ఎదుర్కొంటున్న సభ్యులు, ఏ పక్షంవారైనా, అత్యధికంగా వ్యతిరేకించినారు. బిల్లు గట్టెక్కాలి, అయితే ఆ ఓటు మాత్రం పక్కవాడు వేయాలి అన్నది ఆనాటి సభ్యులలో పలువురి వైఖరిగా కనిపించినది. ఆ రోజు న్యూయార్కు స్టాక్ మార్కెట్టులో డౌ జోన్స్ సూచిక 777 పాయింట్లు పడిపోయినది.

తరువాత నడచిన తగవు గమనింపదగినది. ఓటింగుకు ముందు సభాపతి నాన్సీ పెలోసీ చేసిన ప్రసంగంలో బుష్ ప్రభుత్వాన్ని దుయ్యబట్టినందువల్లనే తమవారు కొందరు వెనుకకు తగ్గినారని రిపబ్లికన్ నాయకులు అన్నారు. మనసు నొచ్చుకొన్నందుకు దేశాన్ని దండిస్తారా అని డెమొక్రాట్ నాయకుడు బార్నీ ఫ్రాంక్ ఎద్దేవా చేసినాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తూ ఉంటే చుట్టకు నిప్పు అడిగాడట మరొకడు! దేశమంతా తమ పొదుపు ఏమవుతుందోనని ఎదురు చూస్తున్న సాయంకాలం, రెండు పక్షాలూ తమ ఎన్నికల చుట్టలకు నిప్పు వెతుక్కొన్నవి.

అక్టోబరు 1న సెనేట్ సభ 74–25 ఓట్లతో బిల్లును ఆమోదించినది. ఆనాడు అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న బరాక్ ఒబామా, జాన్ మెకెయిన్ ఇద్దరూ సెనేటర్లే. ఇద్దరూ అనుకూలంగానే ఓటు వేసినారు. అక్టోబరు 3న ప్రతినిధుల సభ 263–171 ఓట్లతో అంగీకరించగా, అదే రోజు బుష్ సంతకం చేసినాడు. ఈ నాలుగు రోజులలో మారినదేమిటి? మూడు పేజీలతో మొదలైన పత్రం నాలుగు వందల పేజీలు దాటినది. బ్యాంకు డిపాజిట్లపై భీమాను లక్ష డాలర్ల నుండి రెండున్నర లక్షలకు పెంచడం వంటి మంచి మాటలు అందులో చేరినవి. వాటితో పాటు పిల్లలు సాధన చేసే కొయ్య బాణాలపై సుంకం మినహాయింపు వంటి ప్రాంతీయ తాయిలాలు కూడా చేరినవి. తీర్పు మారడానికి మార్కెట్టు భయం కొంతా, ఈ తాయిలాలు కొంతా కారణం.

ఇంతకూ ఈ లెక్క తేల్చేదేమంటే, ఈ పథకం ఏ ఒక్క పక్షపు సంతానమూ కాదు. ఇద్దరూ కని, ఇద్దరూ పేరు పెట్టడానికి వెనుదీసిన బిడ్డ అది.

రెండు నిందలు

ఇక మూల కారణాల విషయం. రిపబ్లికన్ పక్షం చెప్పే కథ ఇది: పేదలు, అల్పసంఖ్యాకులు నివసించే ప్రాంతాలలో కూడా అప్పులివ్వవలెనని 1977లో చేసిన శాసనం బ్యాంకుల మెడ మీద కత్తి అయినది, ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలను డెమొక్రాట్లు కాపాడుకొని వచ్చినారు, అందువల్ల అర్హత లేనివారికి అప్పులు వెళ్లినవి. డెమొక్రాటిక్ పక్షం చెప్పే కథ మరొకటి: రిపబ్లికన్లు సంపన్నుల మేలు కోరి అదుపులన్నీ తొలగించినారు, కంచె తీసివేసినారు కనుక చేను పోయినది.

ఈ రెండు కథలలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే తేదీలు ఎదుట పెట్టుకొంటే రెండూ చిరుగుతాయి. 1977 నాటి శాసనం విషయమే చూడండి. అది డిపాజిట్లు స్వీకరించే బ్యాంకులకు వర్తిస్తుంది. ప్రమాదకరమైన అప్పులను పెద్ద ఎత్తున ఇచ్చిన గృహ ఋణ కంపెనీలు అనేకం దాని పరిధిలోనే లేవు. ఫెడరల్ రిజర్వు ఆర్థికవేత్తలు లెక్క తీయగా, అధిక వడ్డీ గృహ ఋణాలలో ఆ శాసనం క్రింద లెక్కకు వచ్చేవి 6 శాతమేనని తేలినది. పేదవాడు అప్పు అడిగినందువల్ల ప్రపంచం మునిగినదన్న మాట వినడానికి సులభం, లెక్కకు నిలువదు. తక్కువ ఆదాయం గల వర్గాల మీద, అల్పసంఖ్యాకుల మీద ఇట్టి అపవాదు తేలికగా అతుకుతుంది కనుక చదువుకొన్నవారు దానిని విడిచిపెట్టక పరిశీలించడం అవసరం.

రెండవ కథ మాటేమిటి? సామాన్య బ్యాంకులను, షేర్ల వ్యాపారం చేసే సంస్థలను వేరుగా ఉంచిన 1933 నాటి నిబంధనలను తొలగించిన శాసనం 1999లో వచ్చినది. దానిని ప్రతిపాదించినవారు రిపబ్లికన్లు. తుది ఓటింగులో సెనేట్ దానిని 90–8తో ఆమోదించినది. అంటే డెమొక్రాట్లలో అత్యధికులు ఔనన్నారు. సంతకం చేసినది డెమొక్రాటిక్ అధ్యక్షుడు బిల్ క్లింటన్. ఎ.ఐ.జి. నిలిచిన జమానతుల వంటి వ్యాపారాన్ని అదుపు పరిధికి వెలుపల ఉంచిన శాసనం 2000 డిసెంబరులో వచ్చినది. దానిపైనా సంతకం ఆయనదే. మరొక ప్రక్క, అల్పసంఖ్యాకులలో సొంత ఇళ్లు గలవారిని 55 లక్షల మేరకు పెంచుతామని 2002లో లక్ష్యం ప్రకటించినవాడు రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌లకు ముప్పేమీ లేదని 2003లో వెనకేసుకొని వచ్చినవాడు బార్నీ ఫ్రాంక్. వాటిని అదుపు చేసే బిల్లు 2005లో ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్ గడప దాటలేదు. ఆనాడు సెనేట్‌లో అధిక సంఖ్య రిపబ్లికన్లదే.

ఇద్దరు పక్షాల అధ్యక్షుల హయాములలోనూ ఫెడరల్ రిజర్వుకు అధిపతిగా ఉండినవాడు అలన్ గ్రీన్‌స్పాన్. గృహ ఋణాలలోని అన్యాయపు పద్ధతులను నిషేధించే అధికారం 1994 శాసనం ద్వారా ఆ సంస్థకు దక్కినది. దానిని సకాలంలో గట్టిగా వాడలేదు. తమ సంస్థను తామే కాపాడుకొంటారని బ్యాంకుల యజమానులను నమ్మడంలో తాను పొరబడినానని 2008 అక్టోబరులో ఆయన శాసనసభా సంఘం ఎదుట ఒప్పుకొన్నాడు.

“ఇట్లా తిలాపాపం తలా పిడికెడు పంచితే చివరకు ఎవరూ దోషులు కారు కదా” అని పాఠకులు అడుగవచ్చు. అది సరియైన సందేహమే. అందరూ తప్పు చేసినారని చేతులు దులుపుకోవడం కూడా ఒక రకమైన పలాయనమే. నేను కోరేది అది కాదు. 1999 నాటి ఓటు వేరు, 2000 నాటి సంతకం వేరు, 2005లో ఆగిపోయిన బిల్లు వేరు. ప్రతి పనికీ దాని కర్తలు ఉన్నారు. ఏ పని ఎంత హాని చేసినదో తూచవచ్చును. కొన్ని పిడికిళ్లు పెద్దవి, కొన్ని చిన్నవి. తూనిక వేసే ఓపిక ఉన్నవానికే బాధ్యత కనిపిస్తుంది. జెండా రంగు చూసి తీర్పు చెప్పేవానికి నింద మాత్రమే మిగులుతుంది.

సొమ్ము ఏమైనది?

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాము. చెడు పత్రాలను కొంటామని చెప్పి సొమ్ము మంజూరు చేయించుకొన్న పాల్సన్, కొద్దిరోజులలోనే ఆలోచన మార్చుకొని బ్యాంకులలో నేరుగా వాటాలు కొన్నాడు. 2008 అక్టోబరు 13న తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతులను పిలిపించి, అందరూ తీసుకొని తీరవలసినదేనని చెప్పి, 12,500 కోట్ల డాలర్లు కేటాయించినాడు. బ్యాంకులన్నింటికీ కలిపి సుమారు 24,500 కోట్లు వెళ్లినవి. 27,500 కోట్లకు పైగా తిరిగి వచ్చినవి. అంటే బ్యాంకుల ఖాతాలో ప్రభుత్వానికి లాభమే మిగిలినది. ఎ.ఐ.జి. నుండి కూడా, ఆర్థిక శాఖ, ఫెడరల్ రిజర్వు రెండింటి లెక్కలూ కలిపితే, 2012 చివరికి సుమారు 2,270 కోట్ల డాలర్లు అధికంగా వచ్చినవి. మోటారు కార్ల పరిశ్రమకు ఇచ్చిన దానిలో సుమారు 1,200 కోట్లు మునిగినవి. మొత్తం మీద 70 వేల కోట్ల అనుమతిలో ఖర్చయినది 44,300 కోట్ల చిల్లర.

కనుక “బ్యాంకులు ప్రజల సొమ్ము మ్రింగివేసినవి” అనే నినాదం అక్షరాలా నిజం కాదు. అయితే “లాభం వచ్చినది కదా, ఇక మాట్లాడకండి” అన్నవారి మాట అంతకంటే నిజం కాదు. అప్పు తిరిగి వచ్చినదా అన్నది ఒక ప్రశ్న. ఏ షరతులపై ఇచ్చినారన్నది మరొక ప్రశ్న. ప్రభుత్వం ఆ వాటాలపై మొదటి అయిదేళ్లకు అడిగినది 5 శాతం. సరిగా కొన్ని వారాల ముందు గోల్డ్‌మన్ శాక్స్‌లో 500 కోట్ల డాలర్లు పెట్టిన వారెన్ బఫెట్ అనే వ్యాపారి పుచ్చుకొన్నది 10 శాతం. తన సొమ్ము ఇచ్చేవాడు పది అడిగినాడు. పరుల సొమ్ము ఇచ్చేవాడు అయిదుతో తృప్తి పడినాడు. ఎలిజబెత్ వారెన్ అధ్యక్షతన గల పర్యవేక్షక సంఘం 2009 ఫిబ్రవరిలో లెక్క కట్టి, ప్రభుత్వం 25,400 కోట్లు ఇచ్చి కొన్నవాటి విలువ ఆనాటికి 17,600 కోట్లేనని తేల్చినది. ఎ.ఐ.జి. వద్ద జమానతు పొందిన పెద్ద బ్యాంకులకు పైసా తగ్గకుండా పూర్తి మొత్తం ముట్టినది. అదే ఎ.ఐ.జి.లో, నష్టాలకు కారణమైన విభాగంవారికి 16.5 కోట్ల డాలర్ల బోనసులు పంచినారన్న వార్త 2009 మార్చిలో దేశాన్ని అట్టుడికించినది.

ఇళ్లు పోగొట్టుకొన్నవారి సంగతి? 30 నుండి 40 లక్షల కుటుంబాల వాయిదాలను తగ్గించి ఇళ్లు నిలబెడతామని 2009లో ఒబామా ప్రభుత్వం ప్రకటించినది. అందుకు ఈ నిధి నుండి 5,000 కోట్ల డాలర్లు కేటాయించినారు. ఆచరణలో ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే పని ఆగిపోయినది. అప్పు ఇచ్చిన కంపెనీల గుమాస్తాల వద్దకే కాగితాలు పట్టుకొని పదేపదే తిరుగవలసి రావడం అందుకు ఒక కారణం. అదే సంవత్సరం అక్టోబరులో నిరుద్యోగం 10 శాతానికి చేరినది. పథకం మొత్తం మీద ప్రభుత్వానికి చివరకు పడిన భారం సుమారు 3,100 కోట్ల డాలర్లని లెక్క. ఇందులో అధిక భాగం ఈ గృహ సహాయమే. తిరిగి వచ్చే ఉద్దేశంతో ఇచ్చినది కాదు కనుక నష్టం పద్దులో పడినది. విచిత్రం ఏమంటే, బ్యాంకుకు ఇచ్చినది పెట్టుబడిగానూ, గృహస్థుకు ఇచ్చినది నష్టంగానూ పుస్తకాలలో మిగిలినవి.

అమ్మాయీ, నీ ప్రశ్నకు సమాధానం ఇది: సొమ్ము తిరిగి వచ్చినది, ఇళ్లు చాలామందికి తిరిగి రాలేదు. షరతులు వ్రాసిన రోజున ఎవరు ఏమి అడిగినారు, ఎవరు మౌనం వహించినారు అన్నదే అసలు విచారణ. పక్షాలు రెండూ ఆ విచారణ జోలికి పోలేదు. మొదలు పెడితే రెండూ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది.

మరపు చేసిన హాని

నింద ఎంతగా జ్ఞాపకశక్తిని చెరుపుతుందో ఒక ఉదాహరణ చాలు. 2010 జూలైలో ప్యూ పరిశోధన సంస్థ ప్రజలను విచారించగా, ఈ శాసనం బుష్ కాలంలో వచ్చినదని సరిగా చెప్పినవారు 34 శాతమే. ఒబామా కాలంలో వచ్చినదని 47 శాతం మంది అన్నారు. సంతకం జరిగి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు! ఆ కోపంలో నుండి ఒక వైపు టీ పార్టీ ఉద్యమం బలపడినది. 2011 సెప్టెంబరులో మరొక వైపు వాల్ స్ట్రీట్ ముట్టడి ఉద్యమం లేచినది. ఒకే గాయం, రెండు శిబిరాలు, ఒకరినొకరు శత్రువులుగా చూసుకొన్నారు. ఆ శాసనానికి ఓటు వేసిన రిపబ్లికన్ సెనేటర్ బాబ్ బెన్నెట్‌కు 2010లో సొంత పక్షమే మళ్లీ టిక్కెట్టు నిరాకరించినది.

సత్యం తేల్చడానికి పదిమంది సభ్యులతో ఒక విచారణ సంఘం ఏర్పడినది. డెమొక్రాట్లు నియమించినవారు ఆరుగురు, రిపబ్లికన్లు నియమించినవారు నలుగురు. నివేదికలో “వాల్ స్ట్రీట్”, “అదుపుల తొలగింపు” వంటి మాటలే వాడరాదని నలుగురు పట్టుబట్టినారు, ఆరుగురు కాదన్నారు. 2011 జనవరిలో నివేదిక వెలువడినది. ఆరుగురు ఒక మాట, ముగ్గురు మరొక మాట, మిగిలిన ఒక్కరు ఇంకొక మాట వ్రాసినారు. ఈ సంక్షోభం తప్పించదగినదేనన్న విలువైన తీర్పు ఆ పుటలలో ఉన్నది. కాని ఎవరి పక్షంవారు వారి భాగాన్ని మాత్రమే చదువుకొన్నారు.

పాఠం నేర్వని వానికి పాఠం తిరిగి వస్తుంది. 2010 నాటి సంస్కరణ శాసనంలోని కఠినమైన పర్యవేక్షణ 5,000 కోట్ల డాలర్ల ఆస్తి గల బ్యాంకులకు వర్తించేది. 2018లో ఆ హద్దును 25,000 కోట్లకు పెంచినారు. ఆ బిల్లుకు రిపబ్లికన్లతో పాటు కొందరు డెమొక్రాట్లు కూడా ఓటు వేసినారు. 2023 మార్చి 10న ఆ రెండు హద్దుల నడుమనున్న సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినది. రెండు రోజులలో డిపాజిటుదారులందరికీ పూర్తి రక్షణ ప్రకటించవలసి వచ్చినది. వెంటనే పాత నాటకమే. 2018 సడలింపే కారణమని ఒకరు, పర్యవేక్షకుల అలసత్వమూ ఒబామా తరువాత వచ్చిన డెమొక్రాటిక్ ప్రభుత్వపు దుబారా వల్ల పెరిగిన ధరలూ కారణమని మరొకరు. అయితే ఈసారి ఒక మంచి జరిగినది. ఫెడరల్ రిజర్వు ఏప్రిల్‌లో తన తప్పులను తానే వెల్లడించే నివేదిక ప్రకటించినది. బ్యాంకు యాజమాన్యపు అజాగ్రత్త ఇంత, తమ పర్యవేక్షకుల ఉపేక్ష ఇంత, నిబంధనల సడలింపు ఇంత అని విడివిడిగా చెప్పినది. తూనిక అంటే ఇదే.

మన సంగతి

ఇదంతా దూరపు దేశపు ముచ్చట అని త్రోసివేయడానికి లేదు. అమెరికా బ్యాంకుల, భీమా సంస్థల లెక్కలు వ్రాసే పని హైదరాబాదులోని కంప్యూటర్ల ముందు కూడా జరుగుతుంది. 2008–09లో అక్కడ తలుపులు మూసుకొన్నప్పుడు ఇక్కడి నియామకాలు కూడా మందగించినవి.

మన దేశంలోనూ ఇట్టి తగవు నడచినది. ప్రభుత్వ బ్యాంకులకు 2,11,000 కోట్ల రూపాయల మూలధనం సమకూర్చుతామని 2017 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించినది. గత ప్రభుత్వపు పెద్దలు ఫోనుల మీద ఇప్పించిన అప్పులే ఇందుకు కారణమని అధికార పక్షం అన్నది. మొండి బాకీలు పెరిగినది ఈ ప్రభుత్వ కాలంలోనే కదా అని ప్రతిపక్షం అన్నది. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ 2018లో పార్లమెంటు సంఘానికి పంపిన పత్రంలో మరొక రీతిగా వివరించినాడు. చెడిన అప్పులలో పెద్ద భాగం 2006–08 నాటి ఉత్సాహంలో ఇచ్చినవని, బ్యాంకుల మితిమీరిన ఆశావాదం, తరువాతి మందగమనం, ప్రభుత్వ నిర్ణయాలలో జాప్యం కలిసి వాటిని చెడగొట్టినవని తెలిపినాడు. మన వీధులలో ఆ పత్రం ఎందరు చదివినారు? వారి నాయకుడు వీరి నాయకుడిని ఏమన్నాడో మాత్రం అందరికీ తెలుసు.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు బ్యాంకు గుమాస్తాలు, ఆడిటర్లు, ఉపాధ్యాయులు అవుతారు. అందరూ ఓటర్లు అవుతారు. మీ ఎదుట ఒకరు “ఇదంతా వారి పాపం” అని ప్రకటించినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ తేదీన జరిగినది? ఎవరు ఓటు వేసినారు? షరతులు ఏమిటి? ఈ మూడింటికీ జవాబు చెప్పగలవాడు బాధ్యత గురించి మాట్లాడుతున్నాడు. చెప్పలేనివాడు ఓటు అడుగుతున్నాడు.

కళాశాల పాలక సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. రాబోయే పోటీలలో ప్రతి వక్తా తాను సమర్థించే పక్షం చేసిన ఒక్క పొరపాటునైనా ఆధారంతో చెప్పి తీరవలెనన్న నియమం పెట్టండి. శాసనసభల ఓటింగు వివరాలు, విచారణ సంఘాల నివేదికలు మన గ్రంథాలయంలో విద్యార్థులకు అందేటట్లు చూడండి. న్యాయనిర్ణేతలు కూడా వాటిని ముందుగా చదివి రావలెనని నిర్ణయించండి. అట్లా చదివి రాక ఒక విద్యార్థిని ఎదుట నిరుత్తరుడనైనవానిలో నేను మొదటివాడను కనుక, ఈ నియమం మొదట నాకే వర్తింపజేయవలసినదిగా కోరుతున్నాను.